బిడ్డకు జుట్టు ఉండెనా

గజేందర్‌ది ఫ్లెక్సీల దుకాణం. సిద్దిపేట పాత బస్టాండ్ దగ్గర ఒక ఇరుకు సందులో ఉంటుంది. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, నాయకుల స్వాగతాలు, పోయినవాళ్ళ సంవత్సరీకాలు, అన్నీ ఆ ఒక్క మిషన్‌లోంచే బయటికొస్తాయి. తండ్రి పోయిన కొడుకు వచ్చి ఏం రాయించాలో తెలియక నిలబడితే, గజేందర్ కుర్చీ చూపించి, "మీరు లేని లోటు ఎన్నటికీ తీరదు" అనే ముక్కను కంప్యూటర్‌లోంచి తీసి అతికించేస్తాడు. నిన్న ఇంకొకరి తండ్రికి అతికించిన ముక్కే అది. ఫోటో మారుతుంది, పేరు మారుతుంది, కింద వరసగా పేర్చిన బంధువుల తలకాయలు మారతాయి. కొడుకు మాత్రం చదువుకుని కళ్ళు తుడుచుకుంటాడు. ఇందులో మోసమేమీ లేదు. ఏ మాట ఎక్కడ పెడితే గుండె కరుగుతుందో గజేందర్ చేతికి తెలుసు, అంతే.

ఆ పనితనం అతని నోటికి కూడా అబ్బింది. కాకపోతే ఇంట్లో కాదు, ఫోన్‌లో.

ఫోన్‌లో "మగోళ్ళ మాట" అని ఒక ముచ్చట్ల గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం తెరుస్తారు. ఎవరైనా చేరొచ్చు. చెయ్యెత్తిన గుర్తు నొక్కితే మైకు ఇస్తారు, మిగతావాళ్ళు వింటారు. సిద్దిపేట వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, భివండిలో సాంచెల మీద బట్ట నేసేవాళ్ళు, మస్కట్‌లో బండ్లు తోలేవాళ్ళు, అందరూ అక్కడ చేరి ఆడవాళ్ళకు ఎక్కువ అన్యాయం జరుగుతోందా మగవాళ్ళకు ఎక్కువ జరుగుతోందా అని గొంతులు చించుకుంటారు. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేకపోవడం దగ్గర మొదలై, కోర్టు కేసుల దాకా పోయి, చివరికి తప్పు ఎవరిది అనే చోటికే వచ్చి ఆగుతుంది. ఆగుతుందంటే ఆ వారానికి ఆగుతుంది. మళ్ళీ ఆదివారం బస్సు టికెట్ దగ్గరే మొదలు.

ఆ గదిలో భివండి దినేశ్‌ది ఒక పక్షం. అతని భార్య కేసు పెట్టి పుట్టింట్లో ఉంది. ప్రపంచంలో ఏ మగవాడికి తుమ్మొచ్చినా దాని వెనక ఒక ఆడది ఉంటుందని అతని నమ్మకం. గజేందర్‌ది రెండో పక్షం.

"తప్పంత ఆడోళ్ళ మీదికి తోసుడు బంజెయ్యి తమ్మీ," అనేవాడు గజేందర్, నిదానంగా, కొంచెం బొంగురుగా. "మన బాధ బస్సు టికెట్ల లేదు. మన నోట్లె ఉన్నది. మనం నోరు తెరువం. మనసుల ఉన్నది మంది ముంగట వెట్టం. నోరు తెరుసుడు నేర్చుకుందాం ముందుగాల."

ఆ మాటకు తెర మీద ఎర్ర గుండె బొమ్మలు ఎగిరేవి. వాటిని చూస్తూ గజేందర్ మంచినీళ్ళు తాగేవాడు. ప్రతి మాటకూ ముందు "అన్నలకు తమ్ములకు నమస్తే" అనడం అతనికి అలవాటు. ఆ నమస్తే వినగానే గది సర్దుకుని కూర్చుంటుందని అందరూ అనేవాళ్ళు.

ఇంత నోరున్న మనిషి, ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే నోటిని కూడా వాటి పక్కనే విడిచేవాడు. భార్య వినీత మెదక్ రోడ్డులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. "గట్లున్నవేంది?" అంటే "ఏం లేదు" అనేవాడు. "కూర ఎట్లున్నది?" అంటే "మంచిగున్నది" అనేవాడు. వాళ్ళ సంసారం ఏడాదిగా ఈ రెండు జవాబుల మీదే నడుస్తోంది.

అంతకుముందు ఇలా లేదు. కిందటేడు శ్రావణంలో, వినీతకు ఎనిమిదో నెలలో, కడుపులో బిడ్డ కదలడం మానేసింది. దవాఖానకు పరుగెత్తారు. పేగు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు చేశారు. ఆడపిల్ల. అప్పటికే ఊపిరి లేదు.

గజేందర్ వాళ్ళది తాళ్ళెక్కి కల్లు గీసే ఇల్లు. ఊరు దౌల్తాబాద్ దగ్గర. వాళ్ళ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. చచ్చి పుట్టిన బిడ్డను తల్లికి చూపించరు. చూస్తే మళ్ళీ కడుపు నిలవదని అంటారు. వినీత మంచం మీంచి చేతులు చాపి, "ఒక్కసారి సూపియ్యిండ్రి, ఒక్కసారే" అని ఏడుస్తుంటే, అత్త దుర్గవ్వ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె కూడా ఏడుస్తూనే నిలబడింది, కానీ జరగలేదు. నర్సు తెల్లగుడ్డలో చుట్టి, పైన ముడేసి, మూటను గజేందర్ చేతుల్లో పెట్టింది. అతను కాలే గిన్నెను దించినట్టు దాన్ని వెంటనే తండ్రి వెంకటనర్సయ్య చేతుల్లోకి దించేశాడు.

ఇద్దరూ ఆటోలో ఊరికి పోయారు. పసిబిడ్డను పూడ్చేటప్పుడు గుంటలో ఉప్పు పోస్తారు. "పోయి ఉప్పు పట్కరా" అని తండ్రి అంటే, గజేందర్ దారిలో కిరాణా కొట్టు దగ్గర దిగి ఉప్పు ప్యాకెట్ తెచ్చాడు. పొలం గట్టున తాటిచెట్ల కింద వెంకటనర్సయ్య ఒక్కడే గుంట తవ్వాడు, ఒక్కడే పూడ్చాడు. గజేందర్ రోడ్డు మీద ఆటో పక్కన నిలబడి, సిగ్నల్ లేని ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. గుడ్డ ముడి విప్పలేదు. మట్టి ముట్టలేదు. ఏడవలేదు. మనసు రాయి కాబట్టి కాదు. ఒక్క అడుగు ముందుకేస్తే తను ఏమైపోతాడో అని భయపడ్డాడు. ఆ భయాన్ని మగతనం అనుకున్నాడు.

దవాఖాన నుంచి వచ్చాక వినీత అడిగింది. "ఎవ్వలి పోలిక? జుట్టు ఉండెనా?" గజేందర్ లేచి బయటికి పోయాడు. ఇంకో రోజు అడిగింది. టీవీ సౌండ్ పెంచాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసి స్కూటీ తీసి బడికి పోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ మరిచిపోతున్నారని దుర్గవ్వ సంతోషపడింది.

ఇక ఆ ఆదివారం సంగతి.

ఆ రోజు గది బాగా వేడెక్కి ఉంది. గజేందర్ తన పద్ధతిలో మనసు విప్పడం గురించి చెబుతుంటే దినేశ్ మధ్యలో దూరాడు.

"అన్నా, నువ్వు మస్తు చెప్తవ్. మేం వింటం. గని ఒక్కటడుగుత. నువ్వెప్పుడన్న ఏడ్చినవా? నీ ఇంట్ల ఏం బాధ ఉన్నదో ఎన్నడన్న మాకు చెప్పినవా? ఉట్టిగ ఆడోళ్ళ దిక్కు మాట్లాడి మంచోడు అనిపించుకునుడు సులువే గదనే!"

గదిలో కొందరు నవ్వారు. గుండె బొమ్మల చోట నవ్వు బొమ్మలు ఎగిరాయి. గజేందర్ చెవులు వేడెక్కాయి. వాదంలో ఓడిపోతున్నానని అతనికి అర్థమైంది. ఆ మాటకొస్తే అతనికి ఇంకేదీ అర్థం కాలేదు.

"చెప్త తమ్మీ," అన్నాడు. "ఇయ్యాల చెప్త. నాకు ఒక బిడ్డ పుట్టింది."

అతను మొదలుపెట్టాడు. దవాఖాన చెప్పాడు, తెల్లగుడ్డ చెప్పాడు. అక్కడిదాకా నిజమే. ఆ పైన అతని నోరు దుకాణంలో చెయ్యిలాగా పనిచేయసాగింది. "ముడి ఇప్పిన. మొకం సూసిన. జుట్టు ఎంత ఒత్తుగ ఉండెనో తమ్మీ, నుదుటి దాక ఉండె. చిన్నేలు నా ఏలుకు తాకింది. నా చేతుల్తోని గుంటల పండవెట్టిన. నా చేతుల్తోనే ఉప్పు పోసి, మట్టి పోసిన." అబద్ధం ఆడుతున్నానని ఆ క్షణాన అతనికి తోచలేదు. ఎక్కడ ఏ మాట పడాలో అక్కడ ఆ మాట వచ్చి పడుతోంది. కళ్ళలోంచి నీళ్ళు నిజంగానే కారాయి.

చివర్లో ఇంకొక మాట వచ్చింది. ఇది మాత్రం ఎక్కడినుంచో తడబడుతూ వచ్చింది.

"నా భార్య... ఎనిమిదో నెల దాక స్కూటీ మీదనే తిరిగింది. వద్దంటె ఇనలే. అయినా గానీ... నేను ఒక్క మాట అనలే ఆమెను. ఇయ్యాల్టిదాక అనలే. మగోడు మోసే బరువు ఎవ్వలకు కండ్ల వడుతది తమ్మీ?"

తర్వాత ఏడుపు వినిపించింది. దినేశ్ ఏడుస్తున్నాడు. "తప్పయింది అన్నా," అంటున్నాడు, "నన్ను మాఫ్ చెయ్యి." తెర నిండా గుండె బొమ్మలే. గజేందర్ ఫోన్ కింద పెట్టి, ముఖం కడుక్కుని, చాలా నెలల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గెలిచాడు మరి.

ఆ మాటలను ఎవరో ముక్క కోసి, వెనక వేణువు పెట్టి, ఊరంతా పంచారు. మంగళవారానికల్లా టీ కొట్టు అతను కూడా గజేందర్‌ను చూసి తల పంకించాడు. కింద జనం రాసే మాటలు రెండు జట్లుగా చీలిపోయాయి. మగవాడి మనసు వెన్న అని ఒక జట్టు. స్కూటీ ఎక్కి తిరిగి బిడ్డను చంపుకున్నది, అయినా ఒక్క మాట అనలేదంటే వాడు దేవుడు, అని రెండో జట్టు. రెండో జట్టే పెద్దది. పెళ్ళాం పేరు చెప్పమని, బడి పేరు చెప్పమని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. గజేందర్ అవన్నీ చదివాడు. తీసేయించాలని ఒకసారి అనుకున్నాడు. ఆలోగా ఇంకో వందమంది మెచ్చుకుంటూ రాశారు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి వినీత వంటింట్లో కింద కూర్చుని ఉంది. బడిలో తోటి టీచరు సింధూజ భోజనాల దగ్గర ఆ ముక్క వినిపించిందట. గజేందర్ గుమ్మంలోనే ఆగాడు. పరువు తీశావంటుందని, గిన్నెలు విసురుతుందని అనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

వినీత తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కానీ ఆ కళ్ళలో కోపం లేదు. గజేందర్ ఆ ముఖాన్ని పెళ్ళి కొత్తలో ఎప్పుడో చూశాడు.

"జుట్టు ఉండెనా?" అంది, చాలా మెల్లగా. "ఒత్తుగ ఉండెనా?"

గజేందర్ ఇక్కడ నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. కానీ ఆ ముఖాన్ని చూసి లేదని చెప్పగల మగవాడిని నాకు చూపించండి.

"ఉండె," అన్నాడు.

"నల్లగనా?"

"నల్లగనే."

వినీత రెండు చేతులతో ముఖం కప్పుకుని, ఏడుస్తూనే నవ్వింది. లేచి వచ్చి అతని వేళ్ళను పట్టుకుని ఒక్కొక్కటే తడిమింది. బిడ్డ చిటికెన వేలు తగిలిన వేలు ఏదని అడిగింది. గజేందర్ ఏదో ఒక వేలు చూపించాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ రోజు నుంచి వాళ్ళ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. సిగ్గుచేటైన సంగతేమిటంటే, వాళ్ళ పెళ్ళయ్యాక అంత మంచి రోజులు లేవు. వినీత బడి నుంచి రాగానే టీ పెట్టి అతని పక్కన కూర్చునేది. రోజుకొకటి అడిగేది. ముక్కు ఎట్లుండె? చెవులు ఎవ్వలయి? పెదవి మీద గీత ఉండెనా? గజేందర్ రోజుకొకటి చెప్పేవాడు. ముక్కు నీదే. చెవులు మా అవ్వయి. చెప్పినకొద్దీ అతనికే ఆ పిల్ల కనబడసాగింది. దుకాణంలో ఎవరి పాప పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తున్నా ఆ ముక్కూ చెవులూ వెతుక్కునేవాడు. తను కన్న బిడ్డ మీద అతనికి ప్రేమ పుట్టింది. తను చూడని బిడ్డ మీద, తను అల్లిన బిడ్డ మీద.

అంతా బాగుందనుకుంటుండగా స్కూటీ మీద దుమ్ము కనబడింది. వినీత దాన్ని తీయడం మానేసింది. మెదక్ రోడ్డు దాకా నడిచే పోతోంది, ఎండలో, పుస్తకాల సంచి భుజానేసుకుని.

"బండి ఖరాబైందా?" అడిగాడు గజేందర్.

"మంచిగనే ఉన్నది."

"మరి?"

వినీత టీ గ్లాసు కింద పెట్టింది. "పేగు సుట్టుకున్నదని డాక్టరమ్మ అన్నది. నేను నమ్మిన. నీ మనసుల గట్ల ఉన్నదని తెల్వక నమ్మిన."

"అది... అది వాదన్ల అన్న మాట వినీతా. వాడు రెచ్చగొడితె నోటికచ్చింది అన్న. అది నిజం గాదు."

"వాదన్ల అన్నదా?" వినీత తల తిప్పి అతన్ని సూటిగా చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, భయం ఉంది. "మరి జుట్టు?"

గజేందర్ ఇరుక్కుపోయాడు. స్కూటీ మాట నోటికొచ్చి అన్నదైతే జుట్టు మాట కూడా నోటికొచ్చి అన్నదే. రెండూ ఒకే నోట్లోంచి, ఒకే ఊపిరిలో వచ్చాయి. ఒకటి ఉంచి ఒకటి తీసేయడానికి ఇదేమీ ఫ్లెక్సీ కాదు. నింద తీసేస్తే బిడ్డ పోతుంది. బిడ్డను ఉంచితే నింద ఉంటుంది.

"జుట్టు నిజమే," అన్నాడు.

వినీత గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది. తెల్లారి కూడా నడిచే బడికి పోయింది.

కనీసం బయటైనా సరిచేద్దామని ఆ ఆదివారం గజేందర్ గదిలో చెయ్యెత్తాడు. స్కూటీకీ బిడ్డకూ సంబంధం లేదని, డాక్టరు వేరే చెప్పిందని, తన భార్యను ఎవరూ ఏమీ అనొద్దని బతిమాలాడు. జుట్టు ఊసెత్తలేదు. చెప్పడం అయిపోయాక దినేశ్ గొంతు వినబడింది. ఇప్పుడతను గజేందర్‌కు భక్తుడు.

"అన్నా, నిజం చెప్పు. వదిన పక్కన కూసొని చెప్పిపిస్తున్నదా?"

"లేదు తమ్మీ, నేనే..."

"మాకు తెల్వదా అన్నా. గింత మంచోన్ని గూడ నోరు మూపిస్తున్రు సూడున్రి. గిదే గదా మన గోస!"

దానిమీద గది మొత్తం లేచింది. వినీత మీద సాయంత్రం దాకా వాదించుకున్నారు. గజేందర్ మళ్ళీ మళ్ళీ చెయ్యెత్తాడు కానీ వరసలో అతని ముందు చాలామంది ఉన్నారు. అతని బాధ గురించి మాట్లాడటానికి వాళ్ళందరికీ మైకు కావాలి.

దసరా సెలవులు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున వినీత చీర మార్చుకుని, చేతిసంచి తీసుకుని, "జాగ సూపియ్యి," అంది.

"ఏ జాగ?"

"నువ్వు పండవెట్టిన జాగ."

ఇద్దరూ గజేందర్ మోటార్‌సైకిల్ మీద బయలుదేరారు. దారి పొడుగునా మక్కజొన్న కోసిన చేలు, రోడ్డు మీద ఆరబోసిన గింజలు. వినీత వెనక కూర్చుని అతని నడుము పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో అట్లా పట్టుకునేది.

వెంకటనర్సయ్య పొలంలోనే ఉన్నాడు. కోడలిని చూసి కంగారుగా తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. ఆమె ఎందుకొచ్చిందో విన్నాక ముందు నడిచాడు. గట్టు మీద మూడో నాలుగో తాటిచెట్లు దాటి ఒకచోట ఆగాడు. గుర్తు కోసం పెట్టుకున్న రాయి చుట్టూ గడ్డి మొలిచింది. ముసలాయన వంగి ఆ గడ్డి పీకి శుభ్రం చేశాడు.

"గీడనే బిడ్డా," అన్నాడు. "నక్కలు తవ్వకుంట లోతుగనే తీసిన." తువ్వాలతో మూతి తుడుచుకుంటూ బోరు మోటారు వైపు వెళ్ళిపోయాడు.

"లోతుగ తీసిన అంటున్నడు మామ," అంది వినీత. "నువ్వు తియ్యలేదా?"

"బాపు తవ్విండు. నేను..." గజేందర్ ఆగిపోయాడు. ఆమె కూడా సాగదీయలేదు. రాయి పక్కన కూర్చుని చేతిసంచి తెరిచింది.

అందులోంచి ఒక చిన్న కాగితం పొట్లం తీసింది. విప్పింది. ఫ్యాన్సీ షాపులో కొన్న తల పిన్నులు, పసిపిల్లలవి, ఎర్ర సీతాకోకచిలుకలు ఉన్నవి. వాటితోపాటు ఒక బుల్లి దువ్వెన.

"ఇప్పటికి పిలక వేసేటంత పెరుగుతుండె గద," అంది. "ఒత్తు జుట్టు గదా, ఊకె కండ్లల్ల వడుతుండె." గోళ్ళతో మట్టి గీకడం మొదలుపెట్టింది. నేల గట్టిగా ఉంది. ఆమె వేళ్ళు ఎర్రబడ్డాయి.

గజేందర్ చూడలేకపోయాడు. నిజం చెప్పేస్తే జుట్టు పోతే పోయింది, దాంతోపాటు స్కూటీ మాట కూడా పోతుంది, ఆమె మళ్ళీ బండి ఎక్కుతుంది అనే లెక్క కూడా ఎక్కడో మూల ఉంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వినీతా, వద్దు. జుట్టు... నేను సూడలే."

ఆమె చెయ్యి ఆగింది.

"ముడి ఇప్పలే. మొకం సూడలే. బాపు చేతుల వెట్టి నేను రోడ్డు మీదనే నిలవడ్డ. గదంత కల్పించి చెప్పిన. వాని ముంగట గెలువాలని చెప్పిన. ముక్కు, చెవులు, ఏలు, అన్ని అబద్ధం. బాపు గూడ ఇప్పలే. ఎవ్వలం ఇప్పలే."

గాలికి పైన తాటాకులు గరగరలాడుతున్నాయి. వినీత అడిగినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. అదే గజేందర్‌ను ఎక్కువ భయపెట్టింది.

"పుట్టిన బిడ్డ మొకం ఒక్కలు గూడ సూడలేదా?"

అతను తల దించుకున్నాడు.

"నర్సమ్మ సూసి ఉంటది," అంది ఆమె, తనకు తనే చెప్పుకున్నట్టు. "గుడ్డ సుట్టంగ సూసే ఉంటది." అతని వైపు తిరిగి అడిగింది. "మరి నువ్వేం జేసినవ్ గా దినం?"

"ఉప్పు తెచ్చిన."

ఆమె తల ఊపింది. పిన్నులనూ దువ్వెననూ మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. గీకిన మట్టిని అరచేత్తో సర్దింది. అతను ఆశగా ఆమె ముఖంలోకి వంగాడు.

"స్కూటీ మాట గూడ గట్లనే వినీతా. అదీ అబద్ధమే. నీ తప్పేం లేదు. నేను ఎన్నడు గట్ల అనుకోలే."

"ఆ ముక్క నేను శానసార్లు విన్న," అంది వినీత. "బడిల విన్న, ఇంట్ల విన్న, నువ్వు దుకాణంకు పోయినంక విన్న. జుట్టు గురించి చెప్పంగ నీ గొంతు ఎక్కడ ఆగలే. నీళ్ళోలె పోయింది. స్కూటీ కాడికి రాంగనే ఆగింది. తడవడ్డవ్. రెండుసార్లు తడవడ్డవ్." లేచి చీరకంటిన గడ్డి దులుపుకుంది. "జుట్టు లేదంటె నమ్మిన. స్కూటీ మాట లేదంటె మాత్రం నమ్మబుద్ధైతలేదు."

గజేందర్ నోరు తెరిచాడు. ఎన్నో మాటలు తెలిసిన నోరు. ఏదైనా ఒకటి దొరుకుతుందని వెతికాడు. వెతుకుతుంటే దొరికింది మాట కాదు, ఆ దవాఖాన వరండా దొరికింది. మూట చేతుల్లో పడగానే తన మనసులో మొట్టమొదట మెదిలినది ఏమిటో గుర్తొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పిన, బండి ఎక్కొద్దని." ఆ మాట అప్పుడే పుట్టింది, అప్పటినుంచీ లోపలే ఉంది. ఆ ఆదివారం అతను మనసు విప్పి చెప్పిన మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. వినీత అతని ముఖంలో దాన్ని చదివింది. చదివిందని అతనికీ తెలిసింది.

"నేను బస్సుకు వస్త," అందామె.

మామకు చెప్పి, గట్టు దిగి, రోడ్డు మీదికి నడిచింది. అతను మోటార్‌సైకిల్ తోసుకుంటూ వెనకే పోయాడు. బస్సు వచ్చింది. నిండా ఆడవాళ్ళే. పండక్కి పుట్టింటికి పోయే పిల్లతల్లులు. కండక్టరమ్మ సున్నా టికెట్ కొట్టి వినీత చేతికిచ్చింది. ఎవరిదో చంకలో పిల్ల వినీత కొంగు పట్టుకుని లాగింది. వినీత ఆ పిల్ల తల వైపు చూసి, చూపు తిప్పుకుని, కిటికీ లోంచి అవతలి చేల వైపు చూస్తూ కూర్చుంది.

గజేందర్ సిద్దిపేట దాకా ఆ బస్సు వెనకే వచ్చాడు. జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. ఆదివారం కదా. ఈ వారం మాట అతనితోనే మొదలుపెట్టించాలని గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు.

సాయంత్రం వినీత అన్నం వడ్డించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కూర ఎట్లున్నదని ఆమె అడుగుతుందేమోనని అతను చూశాడు. ఆమె అడగలేదు.